విజయవాడ ఈత కొలనులో స్కూబా పరిచయ శిక్షణ: ఒక సమీక్ష

విజయవాడలోని ఒక ప్రైవేటు ఈత కొలనులో శని, ఆదివారాల్లో స్కూబా డైవింగ్, అంటే వీపున గాలి సిలిండర్ మోసుకుంటూ నీటి అడుగున ఈదడం, పరిచయం చేసే శిక్షణ జరుగుతుంది; దానికి గుంటూరు నుంచి మా అమ్మాయితో కలిసి వెళ్లి వచ్చాను. మనిషికి మూడున్నర వేల రూపాయలు తీసుకుంటున్నారు. అంత డబ్బు పెట్టదగినదేనా అని మా బంధువులూ, బడిలో నాతో పనిచేసే ఉపాధ్యాయులూ అడుగుతున్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. పెట్టదగినదేనని నా అభిప్రాయం. నీటి అడుగున గాలి పీల్చడం ఎవరికైనా సరదాగానే ఉంటుంది; ఆ సరదాను అడ్డం పెట్టుకుని సముద్రాన్ని గాయపరచకుండా అందులో ఎలా మెలగాలో మొదటి పాఠంలోనే నేర్పిన శిక్షకులను చూసి ఈ మాట చెబుతున్నాను.

నేర్పేవారు ఇద్దరు. ఒకరు విశాఖపట్నానికి చెందిన యువతి. మరొకరు బాపట్ల తీరంలోని మత్స్యకార కుటుంబంలో పుట్టి, పుదుచ్చేరిలో డైవింగ్ నేర్చుకుని శిక్షకుడైన వ్యక్తి. సముద్రం అనుకూలంగా ఉన్న నెలల్లో ఇద్దరూ రుషికొండ వైపు డైవింగ్ చేయిస్తారు, వీలైనప్పుడల్లా తోటి డైవర్లతో కలిసి అడుగున చిక్కుకుపోయిన వలలూ ప్లాస్టిక్కూ పైకి తీస్తారు. తరగతిలో వాళ్లు తమ సాహసాల గురించి దాదాపు ఏమీ చెప్పలేదు. అడిగితే మాత్రం ఓపిగ్గా జవాబిచ్చారు.

నీళ్లలోకి దిగే ముందు గంటసేపు పాఠం ఉంటుంది. వీపున మోసే సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని మనలో చాలామంది అనుకుంటాం. అందులో ఉండేది మనం రోజూ పీల్చే మామూలు గాలే, బాగా ఒత్తి నింపుతారు. ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుందనీ, అందువల్ల పది మీటర్ల లోతున ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుందనీ, కాబట్టి ఎట్టి పరిస్థితిలోనూ ఊపిరి బిగబట్టి పైకి రాకూడదనీ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. స్కూబాలో మొట్టమొదటి నియమం ఊపిరి ఆపకుండా పీలుస్తూ వదులుతూ ఉండడం. ఎందుకో తెలిసిన తరువాత ఆ నియమాన్ని ఎవరూ మర్చిపోరు. బొటనవేలు పైకెత్తితే నీటి అడుగున దాని అర్థం ‘పైకి వెళదాం’ అని. అంతా బాగుందని చెప్పాలంటే చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టాలి. అలవాటు కొద్దీ బొటనవేలు ఎత్తిన ప్రతివారినీ శిక్షకురాలు నిజంగానే పైకి తీసుకువచ్చి మళ్లీ దింపడంతో ఆ సంజ్ఞ అందరికీ పట్టుబడింది.

ఈ శిక్షణలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది నీళ్లలో నిలకడ నేర్పిన పద్ధతి. డైవర్లు దీన్ని బయాన్సీ అంటారు. అటు మునిగిపోకుండా, ఇటు పైకి తేలిపోకుండా మధ్యలో ఆగి ఉండగలగడం అన్నమాట. ఒంటికి తొడుక్కున్న డైవింగ్ జాకెట్‌లోకి కొద్దిగా గాలి నింపి, ఆపైన శ్వాసతోనే సర్దుకోవాలి. నిండుగా పీలిస్తే క్షణం ఆలస్యంగా శరీరం లేస్తుంది, మెల్లగా వదిలితే క్షణం ఆలస్యంగా దిగుతుంది. ఆ ఆలస్యాన్ని అర్థం చేసుకోవడమే అసలు విద్య. కొలను అడుగున స్టీలు గ్లాసులను బోర్లించి వరసగా పేర్చి, వాటి మీదుగా ఒక్క గ్లాసు కూడా పడకుండా ఈదమన్నారు. చేతులు ఆడించకూడదు. మోకాళ్లు కిందికి వేలాడకూడదు. ఈదడానికి కాళ్లకు తొడిగిన ఫిన్స్ అనే పొడవైన రెక్కల కొసలు మనకు కనిపించవు కాబట్టి ఎక్కువ గ్లాసులు పడేది వాటి వల్లనే. టంగుమని పడిన ప్రతి గ్లాసునూ విరిగిన పగడపు కొమ్మగా లెక్కపెట్టుకోమని పైకి వచ్చాక చెప్పారు. పగడం రాయి కాదనీ, ప్రాణమున్న చిన్న చిన్న జీవుల సముదాయమనీ, గుండ్రాయిలా పెరిగే కొన్ని రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు మించి పెరగవనీ వివరించేటప్పుడు మా అమ్మాయి తను పడేసిన గ్లాసుల వైపే చూస్తూ ఉంది. సముద్ర రక్షణ గురించి ఎన్నో ఉపన్యాసాలు విన్నాను, పిల్లలకు నేనూ చెప్పాను; ఇంత సూటిగా మనసుకెక్కిన పాఠం మరొకటి నాకు గుర్తులేదు.

విరామం తరువాత బాపట్ల శిక్షకుడు ఒక గోనెసంచిలో నుంచి నైలాన్ వల ముక్క తీసి బల్ల మీద పరిచారు. పచ్చరంగు వెలిసిపోయి, దారాల నిండా గట్టి గుల్లలు అతుక్కుని, ఎండిన నాచు వాసన వేస్తోంది. అందులో చెయ్యి పెట్టి ఒక్కసారిగా లాగి చూడమన్నారు. లాగినకొద్దీ దారం వేళ్ల సందుల్లో బిగుసుకుంది, చేతి గడియారం పట్టీకి మరో రెండు కన్నాలు తగులుకున్నాయి. నీటి అడుగున ఇలాంటి వలలో తాబేలు చిక్కుకుంటే జరిగేది ఇదేననీ, విడిపించబోయిన డైవరుకూ ఇదే జరగవచ్చనీ, అందుకే తగిన శిక్షణ లేనివారు వలల జోలికి పోకూడదనీ చెప్పారు. కోసే పరికరం చేతికి అందేలా ఉంచుకోవడం, తోడు డైవరును విడవకపోవడం, ముందు జీవులను విడిపించి తరువాత వలను కొద్దికొద్దిగా కోయడం, బరువైన ముక్కలకు గాలి నింపే సంచులు కట్టి పైకి పంపడం వంటి పద్ధతులన్నీ ఒక్కొక్కటిగా విడమరిచారు. వలలు వదిలేసిన తప్పంతా మత్స్యకారుల మీద నెట్టకపోవడం నాకు చాలా నచ్చింది. వల పోగొట్టుకోవాలని ఏ మత్స్యకారుడూ కోరుకోడు. తుపానుకో, అడుగున ఉన్న రాళ్లకో, మునిగిపోయిన ఓడ శిథిలాలకో చిక్కుకుని తెగిపోయే ఒక్కో వల ఖరీదు ఆ ఇంటికి పెద్ద దెబ్బ. ఎక్కడ వల పోయిందో చెబితే తీసి ఇస్తామని డైవర్లు ఒడ్డున తిరిగి అడిగితే చోటు చూపించేవారు మత్స్యకారులేనని ఆయన చెప్పినప్పుడు, సొంత మనుషుల గురించి మాట్లాడుతున్న గౌరవం ఆ గొంతులో వినిపించింది.

డైవర్ల చరిత్ర చెప్పిన భాగం నేను ఊహించినదానికంటే బాగుంది. ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ కలిసి 1943లో తయారుచేసిన, నీటి అడుగున గాలి అందించే ఆక్వాలంగ్ సాధనంతోనే నేటి స్కూబాకు బాట పడింది. ఆ కూస్తోనే 1960లో రేడియోధార్మిక వ్యర్థాలను మధ్యధరా సముద్రంలో పారబోసే ప్రయత్నాన్ని వ్యతిరేకించి ప్రజలను కదిలించారు. ఆస్ట్రేలియాకు చెందిన వేలరీ టేలర్, రాన్ టేలర్ దంపతులు మొదట ఈటెలతో చేపలను వేటాడే పోటీల్లో విజేతలు. తరువాత ఆ ఈటెలు పక్కనపెట్టి కెమెరా పట్టుకుని, సొరచేపల తరఫున జీవితాంతం వాదించారు. మనుషులను తినేస్తుందనే అపోహతో విచ్చలవిడిగా చంపేసిన గ్రే నర్స్ షార్క్ అనే సొరచేపకు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వం 1984లో రక్షణ కల్పించడం వెనుక వాళ్ల కృషి ఉంది. ప్రపంచంలో చట్టపరమైన రక్షణ పొందిన మొదటి సొరచేప జాతి అదే. అమెరికా శాస్త్రవేత్త సిల్వియా ఎర్ల్ 1970లో అందరూ మహిళలే ఉన్న బృందానికి నాయకత్వం వహించి రెండు వారాలపాటు సముద్రగర్భంలోని నివాసంలో ఉన్నారు. 1979లో ప్రత్యేక కవచం తొడుక్కుని హవాయి దగ్గర 381 మీటర్ల లోతున అడుగున నడిచారు. 2009లో మిషన్ బ్లూ అనే సంస్థను స్థాపించి, తప్పక కాపాడుకోవలసిన సముద్ర ప్రాంతాలను హోప్ స్పాట్స్ పేరుతో గుర్తిస్తూ వస్తున్నారు. అండమాన్, లక్షద్వీప్ సముద్రాలు ఆ జాబితాలో ఉన్నాయి. మా అమ్మాయి ఇంటికి వచ్చాక మొదట వెతికి చదివింది సిల్వియా ఎర్ల్ గురించే.

అయితే ఎక్కడి కథలో చెప్పి అక్కడితో ఆగిపోతే ఈ శిక్షణను ఇంతగా మెచ్చుకునేదాన్ని కాదు. మన సూర్యలంకలో ఎందుకు డైవింగ్ చేయించరని ఒక అబ్బాయి అడిగాడు. కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు వల్ల డెల్టా తీరంలో నీళ్లు మసకగా ఉంటాయనీ, చెయ్యి చాపితే వేళ్లు కనిపించని చోట కొత్తవారిని దింపడం ప్రమాదమనీ శిక్షకుడు చెప్పారు. ఆ ఒండ్రే మడ అడవులకూ రొయ్యలకూ చేపపిల్లలకూ ఆధారమనీ, నీళ్లు అద్దంలా లేనంత మాత్రాన ఆ సముద్రం బీదది కాదనీ ఆయన అన్న మాట మా తీరం మీద నాకున్న చూపునే మార్చింది. ఏటా శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు సూర్యలంక, హంసలదీవి వైపు ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి; ఒక్కో తల్లి వందకు అటూఇటూగా పెట్టే ఆ గుడ్లను అటవీశాఖ సిబ్బంది సేకరించి కంచె వేసిన చోట పొదిగించి పిల్లలను సముద్రంలోకి వదులుతారు. తాబేలు ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావాలి కాబట్టి వలలో ఎక్కువసేపు చిక్కుకుంటే నీళ్లలోనే ప్రాణం పోతుంది. ప్లాస్టిక్ సంచిని జెల్లీచేప అనుకుని మింగినా చావే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు తూర్పు తీరంలో అమలయ్యే వేట నిషేధం చేపలు గుడ్లు పెట్టుకునే కాలాన్ని ఎలా కాపాడుతుందో కూడా వివరించారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలై ఊరి మధ్యగా పోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో మనం విసిరే సంచి ఏ దిక్కుకు ప్రయాణం కడుతుందో పటం మీద వేలితో చూపించారు. కాలువ పక్కనే పెరిగిన విజయవాడ పిల్లలు ఆ పటం చుట్టూ చేరి తమ వీధి ఎక్కడుందో వెతుక్కోవడం చూసి ఉపాధ్యాయురాలిగా నాకు చాలా సంతోషం కలిగింది.

ఇక లోపాలు. ఆరోగ్య వివరాల పత్రాన్ని డబ్బు కట్టించుకున్న తరువాత, కొలను దగ్గర చేతికిచ్చారు. ఉబ్బసం ఉన్న ఒకాయనను శిక్షకురాలు నీళ్లలోకి దింపకపోవడం పూర్తిగా సరైన నిర్ణయం. కానీ ఆ సంగతి ముందే అడిగి ఉంటే ఆయన తెనాలి నుంచి ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చేవారు కాదు, డబ్బు వెనక్కి ఇవ్వడానికి నిర్వాహకులు అంతసేపు తటపటాయించవలసిన అవసరమూ ఉండేది కాదు. ఆ పత్రం ఇంగ్లీషులోనే ఉంది. పాఠమంతా తెలుగులో చెబుతున్నప్పుడు, ప్రాణానికి సంబంధించిన ఆ కాగితాన్ని తెలుగులో అచ్చువేయించడం పెద్ద పని కాదు. చిన్న పిల్లల ముఖాలకు సరిపడే మాస్కులు తక్కువగా ఉన్నాయి, మా అమ్మాయికి ఇచ్చినదాంట్లోకి పదేపదే నీళ్లు వచ్చాయి. తల వెనక్కి వంచి, మాస్కు పై అంచు నొక్కిపట్టి, ముక్కుతో ఊది నీళ్లు బయటికి పంపడం అందువల్ల తనకు బాగా వచ్చిందనే మాట నిజమే అయినా, దాన్ని లోపంగానే లెక్కించాలి. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది ఇరుకుగా, తలుపు గడియ సరిగా పడకుండా ఉంది. చివర్లో ఫోటోల కోసం విడిగా డబ్బు అడుగుతారు, తీసుకోకపోతే బలవంతం చేయరు.

ప్రకటనలో సర్టిఫికెట్ ఇస్తామని రాశారు కానీ, చేతికి వచ్చేది పాల్గొన్నట్టు తెలిపే కాగితం మాత్రమే. దానితో సముద్రంలో సొంతంగా డైవింగ్ చేయడానికి ఎక్కడా ఒప్పుకోరు. ప్రపంచమంతా చెల్లే ఓపెన్ వాటర్ అర్హత కావాలంటే చదువు, కొలను సాధన పూర్తిచేసి, సముద్రంలో నాలుగు డైవ్‌లు చేయాలి. పదేళ్లు నిండినవారు చేరవచ్చు, పెద్దలకు 18 మీటర్ల లోతు వరకు అనుమతి ఉంటుంది. ఇక్కడ పాఠం నచ్చినవారు ఆ చదువును విశాఖపట్నంలోనో, పుదుచ్చేరిలోనో, అండమాన్‌లోనో కొనసాగించవచ్చు. గన్నవరం నుంచి విమానంలో వెళ్లి వచ్చేలా ప్రణాళిక వేసుకునేవారు చివరి డైవ్‌కూ తిరుగు విమానానికీ మధ్య కనీసం 18 గంటల వ్యవధి ఉంచుకోవాలి. శరీరంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోకముందే ఎత్తుకు ఎగిరితే ప్రమాదం.

నీళ్లంటే భయం ఉన్నవారు కూడా నిస్సంకోచంగా ఈ శిక్షణకు వెళ్లవచ్చు. ఒక్కో శిక్షకుడి దగ్గర ఒకేసారి ఇద్దరికి మించి ఉండరు, చెవులు నొప్పిపుడితే వెంటనే ఆపేస్తారు. జలుబు ఉంటే మాత్రం ఆ వారం వాయిదా వేసుకోండి. ఉబ్బసం, గుండె జబ్బు, ఇటీవలి శస్త్రచికిత్స వంటివి ఉన్నవారు ముందుగా వైద్యుడిని సంప్రదించాలి, గర్భిణులు వెళ్లకూడదు. ఎండాకాలం సెలవుల్లో కొలను ఈత నేర్చుకునే పిల్లలతో కిటకిటలాడుతుంది కాబట్టి ఉదయం మొదటి బృందంలో చోటు అడగండి. పిల్లలను తీసుకువెళ్లేటట్లయితే వాళ్ల ముఖానికి సరిపోయే మాస్కు ఉందో లేదో డబ్బు కట్టకముందే పెట్టి చూపించమనండి.