నా గొంతు ఉన్న చోటికే శ్రుతిని తెచ్చారు: అయ్యకోనేరు దగ్గర గాత్రం క్లాసులు

మాది విజయనగరం. గజపతినగరం వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. వయసు 51. పదకొండు నెలలుగా అయ్యకోనేరు గట్టుకి దగ్గర్లో, ఒక మేడ మీద, ఒకావిడ దగ్గర గాత్రం నేర్చుకుంటున్నాను. మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ అడుగుతున్నారు, ఎలా చెబుతారు, ఎంత తీసుకుంటారు, ఈ వయసులో వస్తుందా అని. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను. పేరు, ఇంటి నంబరు పెట్టొద్దని టీచరు గారు అన్నారు కాబట్టి పెట్టడం లేదు.

ముందు నా గొంతు సంగతి. ఇరవై ఏడేళ్ళుగా రోజుకి ఐదారు పీరియడ్లు, యాభై మంది పిల్లల మధ్య అరిచి పాఠం చెప్పాను. ముందటేడు దసరా సెలవుల ముందు గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గలేదు. ఈఎన్‌టీ డాక్టరు గారు కెమెరా పెట్టి చూసి, స్వరతంత్రుల మీద రెండు వైపులా చిన్న బుడిపెలు లేచాయన్నారు. టీచర్లలో ఇది తరచుగా చూస్తామని, ముందు స్పీచ్ థెరపీ చేద్దామని చెప్పారు. రెండు నెలలు విశాఖ తిరిగాను. మాట తేరుకుంది గానీ భయం పోలేదు. నోరు తెరిచే ముందే మెడ నరాలు బిగుసుకునేవి. ఏమైనా మెల్లగా పాడటం వచ్చా అని థెరపిస్టు అమ్మాయి అడిగితే రాదన్నాను.

రాదనడానికి ఒక కారణం ఉంది. నాకు పదకొండేళ్ళప్పుడు సంగీతం క్లాసులో చేర్పించారు. ఇరవై మంది ఆడపిల్లలం, అందరికీ ఐదున్నర శ్రుతి. శ్రుతి అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే స్థాయి, హార్మోనియం మెట్టు నంబరుతో చెబుతారు, నంబరు పెరిగితే స్థాయి పెరుగుతుంది. పై షడ్జమం, అంటే పై స, దాటితే నా గొంతు చీలిపోయేది. నీది మగ గొంతు, వెనక్కి వెళ్ళి కూర్చోమన్నారు అప్పుడు చెప్పినావిడ. వెనక కూర్చుని నెల రోజులు పెదవులు కదిపి, మానేశాను. ఆ తర్వాత నలభై ఏళ్ళు పేరంటాల్లో మంగళహారతి కూడా పాడలేదు.

మా ఊరి సంగీత కళాశాల గురించి నేను పిల్లలకి ఏటా చెబుతాను. 1919లో మహారాజా వారు దాన్ని పెట్టారు. ఆస్థానంలో పనిచేసే ఒకాయన కొడుకు చూపులేని పిల్లవాడని, ఆ ఒక్కడి సంగీతం కోసమే ఆ బడి తెరిచారని ఇక్కడి పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఘంటసాల గారు ఈ ఊరొచ్చి, జోలె పట్టి మధూకరం చేసుకుంటూ చదువుకుంటే, పట్రాయని సీతారామశాస్త్రి గారు డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. ఇదంతా బోర్డు ముందు నిలబడి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒక్క పిల్లాడి గొంతు కోసం కూర్చునే గురువు నాకూ దొరుకుతారని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

మొదటి రోజు పాడమంటారని టెన్షన్‌తో వెళ్ళాను. ఆవిడ పాడమనలేదు. మంచినీళ్ళిచ్చి, చేతిలో ఉన్న పేపరు చదవమన్నారు. చదివాను. ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టమన్నారు. తర్వాత ఆవిడ తన చిన్నప్పటి సంగతేదో చెబుతూ, కథ వింటున్నట్టు ఊఁ కొట్టమన్నారు. నేను ఊఁ అంటూ ఉంటే పక్కన హార్మోనియం మీద మెట్లు వెతుక్కుంటున్నారు. పది నిమిషాల తర్వాత ఒక మెట్టు దగ్గర ఆగి, "అమ్మా, మీ గొంతు ఇక్కడుంది. ఆయాసం లేకుండా కూర్చుని ఉంది. మనం ఇక్కడే మొదలుపెడదాం" అన్నారు. అది నాలుగు శ్రుతి.

ఐదున్నర నుంచి ఐదు, నాలుగున్నర, నాలుగు, అంటే మూడు మెట్లు కిందికి. చెప్పుకుంటే ఇంతే. కానీ ఆ రోజు సరిగమపదనిస ఒక్కసారి పాడి పై షడ్జమం మీద నిలబడితే గొంతు చీలలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏమీ అనకుండా తంబూరా పెట్టె అలాగే మోగనిచ్చి, నేను కళ్ళు తుడుచుకునేదాకా కూర్చున్నారు.

మన సంగీతంలో షడ్జమానికి ఫలానా చోటే ఉండాలన్న నియమం లేదు. పాడేవాళ్ళకి కింద పంచమం (ప), పైన కనీసం గాంధారం (గ) అందేలా ఎక్కడ వీలైతే అక్కడ పెట్టుకోవచ్చు. ఆడవాళ్ళకి సాధారణంగా ఐదు, ఐదున్నర, ఆరు అంటారు గానీ అది సగటు లెక్క. వయసు పైబడి, నెలసరి ఆగే రోజుల్లో చాలామంది ఆడవాళ్ళ గొంతు కాస్త కిందికి దిగుతుందని కూడా ఆవిడే చెప్పారు. ఇరవై మందిని ఒకేసారి కూర్చోబెడితే అందరికీ ఒకే శ్రుతి తప్పదు, ఆ ఇబ్బంది నేను టీచరుగా అర్థం చేసుకోగలను. దానికి సరిపోని పిల్లని వెనక కూర్చోబెట్టడం మాత్రం ఇప్పటికీ అర్థం కాదు.

క్లాసు వారానికి రెండు రోజులు, నలభై నిమిషాలు, ఒక్కరికే. ఒక్కొక్కరికీ ఒక నోటుబుక్కు ఉంటుంది. వెళ్ళగానే ఈరోజు ఎన్ని పీరియడ్లు, నీళ్ళు ఎన్ని తాగారు, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగి రాసుకుంటారు. ఆరు పీరియడ్లు చెప్పొచ్చానంటే ఆ రోజు స్వర పాఠం ఉండదు. సగం గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి, నోరు మూసి, బుడగలు వచ్చేలా ఊదుతూ ఊఁ అనే నాదం తీయాలి. లేదంటే పిల్లలు బస్సాట ఆడుతూ పెదవులు బుర్రుమనిపిస్తారే, అలా షడ్జమం నుంచి పంచమానికి ఎక్కి దిగాలి. రెండు వేలు ఇచ్చి నీళ్ళలో బుడగలు ఊదడమేమిటని మావారు మొదట బాధపడ్డారు. ఆయన్ని కూడా ఒక రోజు తీసుకెళ్ళాను. మామూలుగా మాట్లాడేటప్పుడే ఆడవాళ్ళ గొంతులో స్వరతంత్రులు సెకనుకి దాదాపు 200 సార్లు తగులుకుంటాయి, స్ట్రాలో ఊదితే గాలి కొంత వెనక్కి ఒత్తి అవి గట్టిగా కొట్టుకోకుండా ఆపుతుంది అని ఆయనకి ఓపిగ్గా చెప్పారు. నా స్పీచ్ థెరపిస్టు చేయించింది కూడా ఇదే, కాబట్టి నాకు నమ్మకం కుదిరింది. టీచరు గారు తాను డాక్టరునని ఎక్కడా అనరు. గొంతు రెండు వారాలకి మించి బొంగురుగా ఉన్నవాళ్ళని ముందు ఈఎన్‌టీకి చూపించుకుని రమ్మంటారు, ఆ తర్వాతే చేర్చుకుంటారు.

నా ముందు స్లాటు పదమూడేళ్ళ కుర్రాడిది. గొంతు విరుగుతున్న వయసు. మెట్ల మీద కూర్చుంటే వినిపిస్తుంది. ఆ పిల్లాడికి ఐదు స్వరాల మధ్యే పాట, అంతకు మించి పైకి పంపరు. గొంతు జారినప్పుడల్లా ఆపకుండా శ్రుతి ఒక మెట్టు దించి మళ్ళీ మొదలుపెడతారు. ఒకసారి వాడు విసుగొచ్చి నేనింక పాడనండీ అంటే, "సరే నాన్నా, ఇవాళ నువ్వు తాళం వెయ్యి, నేను పాడతాను" అన్నారు. ఆ నలభై నిమిషాలూ అలాగే గడిచింది. తర్వాతి క్లాసుకి వాడు మామూలుగానే వచ్చాడు.

ఇబ్బందులూ చెప్పాలి. చాలా నెమ్మది. నేను మొదటి స్వర పాఠాలైన సరళీ వరసలు దాటి, తర్వాతి మెట్టయిన జంట వరసలకి రావడానికి ఐదు నెలలు పట్టింది. ఇప్పుడు మలహరి రాగంలో మొదటి పిల్లారి గీతం, అంటే కొత్తవాళ్ళకి నేర్పే చిన్న పాట, దగ్గర ఉన్నాను. సర్టిఫికెట్ పరీక్షలకి తయారు చేయరు, టీవీ పోటీలకి అసలే చేయరు. పిల్లలని త్వరగా స్టేజీ ఎక్కించాలనుకునేవాళ్ళకి ఇది సరిపడదు. ఆన్‌లైన్ లేదు. ఖాళీ దొరకడానికి నేను నాలుగు నెలలు ఆగాను. మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇది చూసుకోవాలి.

ఇంకొకటి, ఇది ఆవిడకీ చెప్పాను. మొదట్లో నా తాళం చాలా వారాలు తప్పుతూ ఉంటే ఆవిడ ఒక్కసారీ చెప్పలేదు. ఇంట్లో ఫోన్లో రికార్డు చేసుకుని వింటే నాకే తెలిసింది. అడిగితే, గొంతు కుదుటపడేదాకా మిమ్మల్ని ఇంకో భయం వైపు తోయకూడదనుకున్నాను అన్నారు. ఆ ఉద్దేశం మంచిదే. కానీ తప్పు తెలిస్తే నేను భయపడను, దాచితే భయపడతాను అన్నాను. ఆ రోజు నుంచి నా నోటుబుక్కులో ఆఖరి పేజీకి తాళం అని పేరు పెట్టి, తప్పిన చోటల్లా రాసి చూపిస్తున్నారు. నాకేది పనికొస్తుందో నన్నే అడిగి పద్ధతి మార్చుకున్న గురువుని నేను ఇంతవరకూ చూడలేదు. నా క్లాసులో నేను కూడా ఎంతమందిని అలా అడిగానో ఆలోచించుకున్నాను.

బళ్ళో అరవడం మానేశాను. గోల పెరిగితే బల్ల మీద ఆదితాళం వేస్తాను. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, తర్వాత దెబ్బ, విసురు, మళ్ళీ దెబ్బ, విసురు. ఎనిమిది లెక్క పూర్తయ్యేలోపు ముందు వరుసలు నాతో వేస్తాయి, రెండో ఆవర్తానికి వెనక వరుసలూ కలుస్తాయి, మూడోదానికి క్లాసు నిశ్శబ్దం. ఈ ఉపాయం కూడా ఆవిడదే. పోయిన నెల మళ్ళీ కెమెరా పెట్టి చూశారు. ఒక బుడిపె కనబడటం లేదు, రెండోది చిన్నదైంది. ఇందులో మందులకెంత, థెరపీకెంత, ఈ క్లాసుకెంత అని నేను విడదీసి చెప్పలేను. మెడ బిగుసుకోవడం మాత్రం ఈ మేడ మీదే పోయింది.

నెలకి ఎనిమిది క్లాసులు, రెండు వేలు. ఊరెళ్ళి మానేస్తే ఆ క్లాసు మరో వారం సర్దుతారు. అంత ఇచ్చుకోలేని ఇద్దరు పిల్లలకి ఫీజు లేదు, ఎవరని అడిగితే చెప్పరు. ఆదివారం సెలవు, సాయంత్రం స్లాట్లన్నీ ఇప్పుడు నిండి ఉన్నాయి, పొద్దున ఆరున్నరది ఒకటి ఖాళీ అవుతుందని మొన్న అన్నారు. మా స్టాఫ్‌లో ఎవరికైనా కావాలంటే నన్ను అడగండి, ఆవిడతో మాట్లాడి తీసుకెళ్తాను. మొదటి రోజు డబ్బు తీసుకోరు. చదవడానికి ఏదో ఒకటి చేతిలో పట్టుకెళ్ళండి, పేపరైనా పరవాలేదు.