కన్వీనర్ సీటా, డీమ్డ్ సీటా: మన పిల్లలకు ఏది మేలు?

ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు కాకముందే ఇంజినీరింగ్ కళాశాలల నుంచి ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. ‘ఇప్పుడు కడితే కంప్యూటర్ సైన్స్ సీటు ఖాయం’ అంటారు. అప్పటికి రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ జరగనే లేదు. సీటు ఎక్కడ పోతుందోనన్న భయంతో తల్లిదండ్రులు కట్టేస్తారు. ర్యాంకు వచ్చేదాకా ఆగమనే నేను గట్టిగా చెబుతాను. ఆగలేకపోతే, మానేసినప్పుడు డబ్బు ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

మన చుట్టూ రెండు రకాలూ ఉన్నాయి. గుంటూరు పక్కన చౌడవరంలో ఆర్వీఆర్ అండ్ జేసీ 1985 నుంచి నడుస్తోంది, అక్కడికి ఈఏపీసెట్ ర్యాంకుతో ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ సీటులో వెళ్లవచ్చు. వడ్లమూడిలోని విజ్ఞాన్ 2008లో, వడ్డేశ్వరంలోని కేఎల్ 2009లో డీమ్డ్ హోదా, అంటే విశ్వవిద్యాలయంతో సమానమైన హోదా, పొందాయి. వాటికి ప్రవేశ పరీక్షా సొంతమే, ఫీజూ సొంతమే.

డీమ్డ్ వైపు చెప్పుకోదగ్గ బలం ఉంది. పాఠ్యప్రణాళికను త్వరగా మార్చుకోగలవు, ఇతర రాష్ట్రాల పిల్లలతో కలిసి చదువుకోవచ్చు. అయితే అటానమస్ కళాశాలలూ సిలబస్ తామే రూపొందించుకుంటాయి, పట్టా మాత్రం అనుబంధ విశ్వవిద్యాలయం పేరు మీద వస్తుంది. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు.

అసలు తేడా డబ్బు దగ్గర. కన్వీనర్ సీటుకు ఫీజు ప్రభుత్వం ఖరారు చేస్తుంది, అర్హులకు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. పొలం అమ్మో, వడ్డీకి తెచ్చో నాలుగేళ్ల డీమ్డ్ ఫీజు కట్టాల్సిన ఇల్లయితే, కోరుకున్న బ్రాంచి కాకపోయినా మంచి కళాశాలలో కన్వీనర్ సీటే మేలంటాను. అప్పు లేకుండా కట్టగలిగి, పిల్లలకు ఆ బ్రాంచిపైనే మనసుంటే డీమ్డ్‌లో చేర్చండి, తప్పులేదు.

హోర్డింగుల మీద కనిపించే ప్యాకేజీ ఏ ఒక్కరిదో. మీ బ్రాంచిలో ఎంతమందికి, ఏ ఉద్యోగాలు, సగటున ఎంత జీతానికి వచ్చాయో అడగండి. క్లాసులు జరిగే రోజే వెళ్లి ల్యాబు చూడండి: ఆసిలోస్కోపు మీద దుమ్ము ఉందా, ఒక్కో పరికరం చుట్టూ ఎంతమంది నిలబడ్డారు? క్యాంటీన్‌లో మూడో ఏడాది పిల్లలను పలకరిస్తే, కళాశాల ప్రవేశాల కౌన్సెలర్ చెప్పనివన్నీ చెబుతారు.

గణితం, భౌతికశాస్త్రం అంటే ప్రాణం పెట్టే పిల్లలను ఇంజినీరింగ్‌లోకి నెట్టకండి. డిగ్రీ చదువుకు విజయవాడలో 1953లో జెసూట్లు నెలకొల్పిన ఆంధ్ర లయోలా కళాశాల ఉండనే ఉంది.

కన్వీనర్ సీటు కోసం ఆన్‌లైన్‌లో కళాశాలలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు మాత్రం ‘మనకు రాదులే’ అని ఇష్టమైన కళాశాలను కిందికి నెట్టకండి. పై ఆప్షన్‌లో సీటు దొరికితే కింద ఉన్నవాటిని చూడరు. ఎక్కువ కోరుకున్నదే మొదట పెట్టండి.