ఖరీదైన పానాలు, పనిముట్లు: ఏవి కొనాలి, ఏవి అక్కర్లేదు

బైక్ పని నేనే చేసుకుంటాను కాబట్టి చెబుతున్నా. చవక సాకెట్ సెట్‌తో సైలెన్సర్ దగ్గర తుప్పు పట్టిన 10 నంబర్ బోల్ట్ విప్పబోతే దాని మూలలన్నీ అరిగి గుండ్రంగా అయిపోయాయి, చెయ్యి జారి వేళ్ల కణుపులు గీరుకుపోయాయి. అందుకే ఆరు మూలల సాకెట్లు, 72 పళ్ల రాచెట్ (సాకెట్‌ని తిప్పే పిడి, లోపల పళ్ల చక్రం ఉంటుంది) మంచివి కొన్నాను. 72 పళ్లంటే 5 డిగ్రీలు కదిపినా తర్వాతి పన్ను అందుకుంటుంది, 24 పళ్లదానికి 15 డిగ్రీలు కావాలి, ఇంజన్ పక్కన చెయ్యి తిరగని సందులో ఆ తేడాకి ప్రాణం లేచొస్తుంది. బోల్ట్ కావలసినంత బిగువుకే బిగించే టార్క్ రెంచ్‌కి కూడా డబ్బు పెట్టొచ్చు. మామూలు రింగ్ పానాలకైతే తపారియా కంపెనీవి చాలు, ఖరీదైన స్నాప్-ఆన్ బ్రాండ్ ధర రోజంతా షెడ్డులో పనిచేసేవాళ్లకే గిట్టుబాటు. సుత్తికైతే అంత ఖర్చు అసలు వద్దు.