మట్టి తొక్కడమా, పగ్ మిల్లా?

కుండల మట్టిని కాళ్లతో తొక్కి కలపాలా, లేక పగ్ మిల్ (బ్లేడ్లతో మట్టిని పిసికి బయటికి తోసే మెషీన్) కొనాలా అని ఆలోచిస్తుంటే, ముందు మీ మట్టి ఎక్కడిదో చూడండి. చెరువు మట్టిలో తరచూ సున్నపురాయి ముక్కలు ఉంటాయి. చిన్న ముక్క మిగిలినా కాల్చాక గాలిలో తేమ పీల్చి ఉబ్బి, కుండ మీద పెచ్చు లేపేస్తుంది. మధ్య నుంచి అంచు దాకా చుట్టూ తిరుగుతూ మడమతో తొక్కేవాళ్లకి ఆ రాయి అరికాలికి తగులుతుంది, వంగి తీసి పారేస్తారు, మట్టిలో కలిపిన ఇసుక చాలిందో లేదో కూడా అక్కడే తెలిసిపోతుంది. పగ్ మిల్‌కి ఇదేం పట్టదు. బ్లేడ్లు రాయిని కూడా మట్టితో పాటే బయటికి తోసేస్తాయి, కాబట్టి ముందే నానబెట్టి వడకట్టాల్సిందే.

మరి తొక్కితే వచ్చే మోకాళ్ల నొప్పులో? దీపావళి ప్రమిదల సీజన్‌లో తొక్కుతూ కూర్చుంటే ఆర్డర్లు పోతాయి, అక్కడ మెషీన్‌కే నా ఓటు. వాక్యూమ్ పంపు ఉన్న మిల్లయితే మట్టిలో గాలిని కూడా లాగేస్తుంది (ధర ఎక్కువే అనుకోండి), లేనిదైతే కుమ్మరి సారె మీద పెట్టేముందు చేత్తో పిసకడం తప్పదు.

నీళ్ల కుండలు కొద్దిగా చేసేవాళ్లు మాత్రం కాళ్లనే నమ్ముకోవచ్చు. మిల్లు కొంటే, పని ఆపే రోజుల్లో లోపల మట్టి ఎండి బిగుసుకోకుండా శుభ్రం చేయండి.