2016 నుంచి మా ఇంట్లో ఉన్న డీబీ

మా పాత ఇంట్లో పింగాణీ ఫీజులుండేవి. ఫీజు పోయిన ప్రతిసారీ నాన్నగారు టార్చి వెలుగులో రాగి తీగ చుట్టేవారు. సన్న తీగ దొరక్కపోతే మందపు తీగే. అలా చుడితే ఫీజు నిలుస్తుంది, గోడలోని వైరు మాడుతుంది. అందుకే 2016లో కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు 12 గడుల డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు, ఇంటి కరెంటును విడివిడి లైన్లకు పంచే పెట్టె) పెట్టించాను.

మీటరు నుంచి వచ్చే ఫేజు (కరెంటు తెచ్చే వైరు), న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) రెండూ మెయిన్ స్విచ్ దాటి ఆర్‌సీసీబీ అనే, కరెంటు లీకైతే పడిపోయే స్విచ్ గుండా వెళ్తాయి. అక్కడి నుంచి ఫేజును ఒక రాగి పట్టీ ఎంసీబీలన్నిటికీ పంచుతుంది. ఎంసీబీ అంటే లైనులో కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే చిన్న స్విచ్. లైట్లకు 6 ఆంపియర్లది, ఏసీకి 20 ఆంపియర్లది పెట్టారు. ఎంసీబీ కాపాడేది వైరును. మనిషికి షాక్ తగిలితే ఒంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటు దాని లెక్కలోకే రాదు. ఆ పని ఆర్‌సీసీబీది. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే చాలు, క్షణంలో కట్ చేస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఇది లేకుండా నేనైతే ఉండను.

ఇబ్బంది పెట్టింది కూడా అదే. మూడో ఏడు వానాకాలంలో ఒక రాత్రి ఇల్లంతా చీకటైంది. ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కొక్కటిగా వేస్తూ వచ్చాను. ఫ్రిజ్ ఎంసీబీ వేయగానే ఆర్‌సీసీబీ పడిపోయింది. ఫ్రిజ్ పాడైందనుకుని రెండు రోజులు తిప్పలు పడ్డాం. తీరా చూస్తే తప్పు డాబా మీది సాకెట్‌ది. తడికి అందులో న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతోంది. మా ఎంసీబీలు ఫేజును మాత్రమే కోస్తాయి కాబట్టి డాబా ఎంసీబీ దించినా ఆ న్యూట్రల్ అలాగే ఉంది. ఫ్రిజ్ నడవగానే తిరిగొచ్చే కరెంటులో కొంత ఆ దారిన ఎర్త్‌లోకి పోయింది. ఎలక్ట్రీషియన్ ఆ సాకెట్ న్యూట్రల్‌ను డీబీలో న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ నుంచి ఊడదీశాక ఫ్రిజ్ చక్కగా నడిచింది.

అయిదో ఏట డీబీ దగ్గర ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చింది. ఏసీ ఎంసీబీ స్క్రూ వదులై వేడెక్కింది. ఎంసీబీ మార్పించాం. అప్పటి నుంచి ఏడాదికోసారి మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ చేత స్క్రూలన్నీ బిగింపిస్తున్నాను. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నెలకోసారి నేనే నొక్కుతాను. ఇంతవరకు ఒక్కసారీ పడకుండా ఉండలేదు.

కొత్తగా కట్టుకునేవారు నాలాగా ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ పెట్టుకోకండి. లైట్లు, ఫ్రిజ్ ఒకదాని మీద, గీజర్, మోటారు, డాబా సాకెట్లు ఇంకొకదాని మీద ఉంచండి. ఏ ఆర్‌సీసీబీ న్యూట్రల్ పట్టీ దానికే విడిగా ఉండాలి. 12 గడులు అప్పుడు సరిపోవు, 16 గడుల పెట్టె తీసుకోండి.