నికాన్ మోనార్క్ ఎం5 8×42: బార్ హెడెడ్ గూస్ కోసం కొనేవాళ్లకి

ఈ బైనాక్యులర్‌ని గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల చెరువులో చూసి నిర్ణయించుకోవద్దు. అక్కడ గూడబాతులు గట్టుకి బాగా దగ్గర, చవక రకంలోనూ చక్కగా కనిపిస్తాయి. అసలు పరీక్ష బార్ హెడెడ్ గూస్ అనే వలస బాతు. సూళ్లూరుపేటలో దిగి పులికాట్‌కి వెళ్తే, శ్రీహరికోట రోడ్డు మీంచి ఈ బాతులు ఎక్కడో దూరాన, మెరిసే నీళ్ల మధ్య ఉంటాయి.

తెల్లని తల వెనక రెండు నల్ల పట్టీలు దీని గుర్తు. నాసిరకం అద్దాల్లో ఎండపూట తెల్లని తల చుట్టూ ఊదారంగు అంచు కట్టి, పట్టీలు అలుక్కుపోతాయి. ఎం5లో ఈడీ అద్దం (రంగులు విడిపోవడాన్ని తగ్గించే రకం) ఉంది కాబట్టి ఆ అంచు బాగా తగ్గుతుంది. పై పట్టీ కంటిదాకా దిగడం కూడా తెలుస్తుంది. పెట్టిన డబ్బుకి ఫలితం ఇక్కడే. పిల్లబాతులకి పట్టీలు ఉండవు, నెత్తి నుంచి మెడ వెనక దాకా ముదురు రంగే. గ్రేలాగ్ అనే మరో బాతని పొరపడకండి, దాని ముక్కు గులాబీ రంగు, దీనిది పసుపు.

పగలు నీళ్లలో సేదతీరి, పొద్దు గూకాక మేతకి లేస్తాయి. అందుకే 10×42 కన్నా 8×42 మేలు (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మి.మీ.లలో): కంటికి చేరే వెలుగు వృత్తం 4.2 మి.మీ. బదులు 5.25 మి.మీ. ఉంటుంది, చెయ్యి వణుకూ తక్కువ కనిపిస్తుంది. లోపం చూపు వెడల్పు: 6.4 డిగ్రీలే. నికాన్‌దే ఎం7 8×42లో 8.3. గుంపు ఒక్కసారి లేచినప్పుడు ఈ తేడా గట్టిగా తెలుస్తుంది.

విజయవాడ గవర్నర్‌పేట కొట్లో గోడ క్యాలెండర్ చూసి కొనకండి. వీధిలోకి తెచ్చి, కుడికన్ను మూసి మధ్య చక్రంతో దూరపు బోర్డు అక్షరాలు సరిచేయండి. తర్వాత ఎడమకన్ను మూసి, కుడివైపు రింగుతో అదే బోర్డు సరిచేయండి. కళ్లజోడు ఉంటే కంటి కప్పులు పూర్తిగా దించాలి, లేదంటే అంచులు నల్లబడతాయి. రెండు కళ్లతో చూసినప్పుడు బొమ్మ రెండుగా కనిపిస్తే ఆ పీసు వద్దు.

ఎండ ముదిరాక నీటి మీద గాలి అలలాడుతుంది, దానికి ఏ అద్దమూ మందు కాదు. మంగోలియా, టిబెట్, లడాఖ్‌లలో గుడ్లు పెట్టి, హిమాలయాలు దాటి వచ్చే పక్షులివి. ట్రాన్స్‌మిటర్ కట్టిన ఒకటి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరింది. కొన్నిటి మెడకి పరిశోధకులు కట్టిన అక్షరాల పట్టీ ఉంటుంది. దూరం నుంచి అది చదవాలంటే 8 రెట్లు చాలదు, ట్రైపాడ్ మీద స్పాటింగ్ స్కోప్ (ఒంటి కంటితో చూసే దూరదర్శిని) కావాలి.