ఫోర్డ్‌సన్ మేజర్: పాతికేళ్లు నల్లరేగడి దున్నాక నా మాట

మా ఇంట్లో ఉన్నది న్యూ ఫోర్డ్‌సన్ మేజర్, డీజిల్ ట్రాక్టర్, ఇంగ్లండ్‌లో డాగెన్‌హామ్ ఫ్యాక్టరీలో 1952 నుంచి 1958 వరకు తయారైన రకం. 1998లో మా నాన్న 42,000 రూపాయలకు కొన్నాడు, అప్పటికే అది నాలుగైదు చేతులు మారింది. ఆ ఏడాది మొదలుకొని ప్రతి వేసవీ గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వైపు ఉన్న మా చేలను దీనితోనే దున్నుతున్నా. మధ్యలో రెండు కొత్త బండ్లు వచ్చాయి, వాటిలో ఒకటి అమ్మేశాం కూడా, ఇది మాత్రం షెడ్డు వదల్లేదు. ఈ మధ్య పాత ట్రాక్టర్ల మీద ఇష్టంతో కుర్రాళ్లు చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు, కొనొచ్చా, ఎంత తాగుతుంది, సామాన్లు దొరుకుతాయా అని. అందరికీ ఒకేచోట చెబుదామని రాస్తున్నా.

ఈ బండి బలమంతా దాని బరువు. దీనితో నేను పడ్డ ఇబ్బందుల్లో సగం కూడా ఆ బరువు వల్లే.

పవర్ చూస్తే 40 హెచ్.పి. దగ్గర. ఇప్పుడు షోరూముకి వెళ్తే 50 హెచ్.పి. బండి మామూలు విషయం, కాబట్టి కాగితం మీద ఇది చిన్నదే. కానీ నాలుగు సిలిండర్లలో 3.6 లీటర్ల ఇంజిన్, బోరు 100 మిల్లీమీటర్లు, స్ట్రోకు 115, ఫుల్ స్పీడంటే నిమిషానికి 1,600 చుట్లు, అంతే. ఇంజిన్, గేరుబాక్సు, వెనక హౌసింగ్ అన్నీ దళసరి పోత ఇనుము. వేరే ఛాసిస్ అంటూ లేదు, వాటినే ఒకదానికొకటి బోల్టులతో బిగించేశారు. అన్నీ కలిపి రెండున్నర టన్నులకు దగ్గరగా తూగుతుంది. ముందుకు ఆరు గేర్లు, వెనక్కి రెండు.

మే నెలలో నల్లరేగడి ఎట్లా ఉంటుందో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. నెర్రెలో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుతుంది, పైపొర మీద గడ్డపార వేస్తే టంగుమంటుంది. నేను తెల్లారగట్ల నాలుగున్నరకు మొదలుపెడతా. ముందు డీజిల్ పంపు మీదున్న చిన్న బటన్ నొక్కాలి, స్టార్టింగ్‌లో కాస్త ఎక్కువ డీజిల్ పడటానికి. సెల్ఫ్ కొడితే నల్లపొగ ఒక్కసారి ఎగజిమ్మి ఇంజిన్ అందుకుంటుంది, స్పీడు పెరగ్గానే ఆ బటన్ దానంతటదే బయటికొచ్చేస్తుంది. వెనక రెండు డిస్కుల నాగలి. లో రేంజిలో రెండో గేరు వేసి డిస్కు దించగానే సైలెన్సర్ చప్పుడు మారుతుంది, దెబ్బలు విడివిడిగా, లెక్కపెట్టుకునేంత నిదానంగా వినపడతాయి, ఇక ఆగిపోతుందేమో అనిపిస్తుంది కానీ ఆగదు. యాక్సిలేటర్ ముట్టుకునే పని లేదు. మా కొత్త బండి అదే చేలో అదే నాగలితో వెళ్తే చక్రం ఉన్నచోటే తిరిగి టైరు కాలిన వాసన వస్తుంది. దానికి పవర్ ఉంది, నేలను పట్టుకునే బరువు లేదు.

పెళ్లలు లేస్తాయి, ఒక్కోటి బిందెంత, కొన్ని గంపంత. తిరగబడ్డ పెళ్ల అడుగున చెమ్మ నల్లగా మెరుస్తుంటుంది, ఎండ ఎక్కాక గంటలో బూడిదరంగుకు తిరిగిపోతుంది. కొంగలూ గోరువంకలూ వెనకే దిగి చాలులో పురుగుల కోశాలు ఏరుకుంటాయి. నా లెక్కలో రెండు డిస్కులతో పది అంగుళాల లోతుకు ఎకరం దున్నడానికి రెండున్నర గంటలు, 14–15 లీటర్ల డీజిల్. ఎక్కువే, కాదనను. రోటావేటర్ (గిర్రున తిరిగే బ్లేళ్లతో మట్టిని పొడిచేసే పనిముట్టు) వేసే బండి గంటలో ఎకరం తేల్చేస్తుంది, చూడ్డానికి చేను పిండి ఆరబోసినట్టుంటుంది. కానీ అది నాలుగైదు అంగుళాలు దాటి దిగదు, ఏటా అదే లోతున కొట్టీ కొట్టీ కింద గట్టి పొర తయారవుతుంది, తొలకరి వాన ఇంకకుండా గట్టు మీద నుంచి పోతుంది, మిర్చి వేరు ఆ పొర దగ్గర పక్కకు తిరుగుతుంది. మొక్క పీకి చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. రెండు మూడేళ్లకోసారి లోతు దుక్కి పడ్డ చేలో నాకు గరిక, తుంగ కలుపు ఖర్చు సగానికి తగ్గింది.

గరికను లోతుగా తిరగేసి ఎండకు మాడ్చడం కొత్త పద్ధతేం కాదు. మన దేశంలో ప్రభుత్వం పెద్ద ఎత్తున ట్రాక్టర్ దుక్కి చేయించింది ఇలాంటి పనికే. 1940ల చివర్లో సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ అని పెట్టి, మధ్య భారతంలో రెల్లు ఆక్రమించిన భూములను చెయిన్ల మీద నడిచే బరువైన ట్రాక్టర్లతో లోతుగా దున్నించారు. కృష్ణ ఒడ్డున తెల్లగా పూసే మన రెల్లే అది. దాని వేళ్లు ఎద్దుల నాగలికి అందవు. ఆ యంత్రాలు కొనడానికి 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్లు అప్పిచ్చింది. ఈ సంగతి తెలిసిన రోజు షెడ్డులోకి వెళ్లి నా బండిని ఇంకోసారి చూసుకున్నా.

బరువు సంగతి వచ్చింది కాబట్టి ఫౌలర్ గురించి చెప్పకుండా ఉండలేను. జాన్ ఫౌలర్ అనే ఇంగ్లీషాయన ఆవిరి ఇంజిన్‌తో దున్నే పద్ధతి తయారుచేసి, 1858లో అక్కడి రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ పెట్టిన 500 పౌన్ల బహుమతి కొట్టాడు. ఆవిరి ఇంజిన్‌ను పొలంలోకి దింపితే దాని బరువుకు నేల అణిగి రాయయిపోతుంది, తడి ఉంటే కూరుకుపోతుంది. అందుకని టన్నుల కొద్దీ బరువుండే ఇంజిన్‌ను అసలు పొలంలోకే దింపకుండా గట్టు మీదే నిలబెట్టాడు. తర్వాత రెండు ఇంజిన్ల పద్ధతి వచ్చింది: ఈ గట్టున ఒకటి, ఆ గట్టున ఒకటి, బాయిలర్ కింద పెద్ద డ్రమ్ము, దానికి చుట్టిన ఇనుప తాడు. ఒక ఇంజిన్ లాగుతుంటే రెండోది తాడు వదులుతుంది, మధ్యలో నాగలి ఒక్కటే చేలో నడుస్తుంది. ఆ నాగలి మన ఏతంలా ఉంటుంది, రెండు వైపులా కర్రులే, ఒక కొస దిగితే రెండో కొస గాల్లో. చివరికి వెళ్లాక నాగలిని తిప్పే పనిలేదు, రెండో కొస దించి వెనక్కి లాగడమే. ఇంజిన్లు గట్టు వెంట ఒక్కో అడుగు ముందుకు జరుగుతూ పోతాయి. 160 ఏళ్ల కిందటే నేల అణిగిపోవడం గురించి అంత ఆలోచించారంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. వాటిలో ఒక జత పనిచేస్తుండగా గట్టు మీద నిలబడి చూడాలన్నది నా కోరిక.

ఆ తర్వాత వచ్చినవాళ్లు బరువు తగ్గించే దారి పట్టారు. 1917లో హెన్రీ ఫోర్డ్ తెచ్చిన మొదటి ఫోర్డ్‌సన్, మోడల్ ఎఫ్, సుమారు 1,200 కిలోలు, చవక, లక్షల్లో అమ్ముడైంది. కానీ నాగలి ఏ వేరుకో రాయికో తట్టుకుంటే చక్రం ఆగకుండా ముందు భాగం గాల్లోకి లేచి బండి వెనక్కి తిరగబడేది, డ్రైవర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. హ్యారీ ఫెర్గూసన్ అనే ఆయన మూడు పాయింట్ల లింకేజీ (నాగలిని బండికి మూడు చోట్ల తగిలించే ఏర్పాటు), హైడ్రాలిక్ లిఫ్ట్ కలిపి నాగలి లాగుడునే వెనక చక్రాల మీద బరువుగా మార్చాడు, ముందు భాగం లేవకుండా అదే పట్టి ఉంచుతుంది. ఇవాళ మనం తోలే ప్రతి బండీ ఆయన దారిలోదే.

నా మేజర్‌కు లిఫ్ట్ ఉంది, లింకేజీ ఉంది, కానీ డ్రాఫ్ట్ కంట్రోల్ లేదు. అది తర్వాతి సూపర్ మేజర్‌తో వచ్చింది. అంటే నేల గట్టిపడ్డచోట నాగలిని కాస్త పైకెత్తే పని బండి చెయ్యదు, లివర్ మీద మన చెయ్యి ఉండాలి. 2001లో మా దక్షిణపు చెక్కలో పూడిపోయిన పాత బావి రాతికట్టుకు డిస్కు తట్టుకుని ముందు చక్రాలు జానెడు పైకి లేచాయి. కాలు క్లచ్ మీద పడింది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే ముందు వైపు బరువులు కట్టించా, ఇంతవరకు విప్పలేదు. ఈ బండి తోలేవాళ్లెవరైనా కాలు క్లచ్‌కు దూరంగా పెట్టుకుని కూర్చోవద్దు.

ఇక మాగాణి. 2003లో తెనాలి దగ్గర మా మావయ్య వాళ్ల పొలానికి దమ్ము చెయ్యడానికి తీసుకెళ్లా. రెండో చుట్టులోనే ఒక పక్క ఇరుసు దాకా దిగిపోయింది. డిఫరెన్షియల్ లాక్ కూడా లేదు దీనికి, అందుకని దిగిన చక్రం బురదలో తిరుగుతూనే ఉంటుంది, పైనున్న చక్రం కదలదు. తాటి దుంగలు వేసి, ఇంకో రెండు ట్రాక్టర్లు కట్టి లాగితే పొద్దుగూకేసరికి బయటపడింది. మావయ్య ఒక్క మాటన్నాడు: "అల్లుడూ, ఇది మెట్టకు పుట్టిన బండి, ఇంకెప్పుడూ బురదలో దింపబాకు." అంతే, మళ్లీ దింపలేదు. మెట్టలో కూడా వాన పడి నేల మెత్తగా ఉంటే నేను తియ్యను. తడిలో ఈ బరువుతో తిరిగితే, పదేళ్లు కష్టపడి విరగ్గొట్టిన గట్టి పొరను మన చేత్తో మనమే మళ్లీ వేసుకున్నట్టు.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది గవర్నర్, అంటే ఇంజిన్ స్పీడును అదుపులో ఉంచే భాగం. 2009లో ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఒకసారి లేస్తూ ఒకసారి పడుతూ ఊగడం మొదలైంది. ఒక పంపు షాపులో ఇస్తే నాజిళ్లు మార్చారు, తర్వాత పంపు మొత్తం విప్పి కట్టారు, రెండుసార్లూ డబ్బులు తీసుకున్నారు, ఊగుడు తగ్గలేదు. ఒకరోజు పెరట్లో స్టార్ట్ చేస్తే స్పీడు పెరుగుతూనే పోయింది, యాక్సిలేటర్ తగ్గించినా తగ్గలేదు, స్టాప్ నాబ్ లాగి ఆపా. మా అమ్మ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

చివరికి పంపు విప్పి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లా. స్టాప్ లివర్ నొక్కి పట్టి, వెనక గాలి పైపు తగిలించే రంధ్రాన్ని బొటనవేలితో మూసి, "ఇప్పుడు లివర్ వదులబ్బాయ్" అన్నాడు. వదిలా. లోపల డీజిల్‌ను పెంచి తగ్గించే కడ్డీ ఆగకుండా సర్రున జారిపోయింది. "చూశావా, గాలి పట్టట్లా. తోలు పోయింది" అన్నాడు. "పంపు కొత్తగా చేయించా గదా బాబాయ్" అంటే, "పంపు బానే ఉందయ్యా" అని వెనక మూత విప్పి చూపించాడు. లోపల అరచేతి వెడల్పు తోలు బిళ్ల, ఎండి అప్పడంలా పెళుసెక్కి, అంచున గోరంత చిరుగు. ఈ బండిలో గవర్నర్ గాలి మీద పనిచేస్తుంది: ఇంజిన్ గాలి పీల్చే దారిలో పుట్టే పీడనం తేడా ఒక సన్నటి పైపు ద్వారా ఆ తోలును లాగుతుంది, తోలు డీజిల్ కడ్డీని లాగుతుంది. తోలు చిరిగితే లాగేది ఉండదు, స్ప్రింగు కడ్డీని ఫుల్ డీజిల్ వైపు తోసేస్తుంది. ఆయన మెత్తటి తోలు తెప్పించి, పాతదాన్ని అచ్చుగా పెట్టి కత్తిరించి, నూనె పట్టించి బిగించాడు. నెలకోసారి నాలుగు చుక్కల నూనె వెయ్యమన్నాడు. వేస్తున్నా, ఇప్పటిదాకా మళ్లీ ఊగలేదు.

సామాన్ల సంగతి క్లుప్తంగా: ఇంజిన్ సామాన్లు ఇంగ్లండ్‌లో ఇప్పటికీ కొత్తవి చేసి అమ్ముతున్నారు, తెప్పించుకోవచ్చు, కస్టమ్స్‌తో కలిపి జేబుకు బరువే. బుష్‌లు, పిన్నులు ఆటోనగర్ లేత్‌ల మీద చేయించుకోవచ్చు. 14–30 వెనక టైరు మాత్రం అడగ్గానే దొరకదు, అరిగేదాకా ఆగకుండా ముందే వెతికి పెట్టుకోవాలి. సీటు ఇనుప పళ్లెం, మధ్యాహ్నం కూర్చోలేం. నా బండికి క్లచ్ తొక్కితే పీటీవో (వెనక తగిలించిన పనిముట్లను తిప్పే షాఫ్టు) కూడా ఆగుతుంది, కాబట్టి రోటావేటర్‌కు పనికిరాదు.

ఇంతకంటే పెద్దవి లేవా అంటే, అమెరికాలో మోంటానా రాష్ట్రంలో 1977లో చేసిన బిగ్ బడ్ 747 ఉంది. 16 సిలిండర్లు, మొదట్లోనే 760 హెచ్.పి. దాన్ని చేయించుకున్నది కాలిఫోర్నియాలో పత్తి రైతులు, పత్తి చేలలో లోతు దుక్కి కోసమే. మన పెదనందిపాడు వైపు పత్తి రైతు ఏ బాధ పడతాడో అక్కడా అదే బాధ అనుకుంటే ఆ కొండంత బండి కూడా మనదే అనిపిస్తుంది.

ఉన్నదొక్కటే బండి కావాలనుకునేవాళ్లు దీని జోలికి రావద్దు. మెట్ట ఉండి, రోజువారీ పనికి ఇంకో బండి ఉండి, వేసవి దుక్కికి ఒక మొండి బండి కావాలంటే కళ్లు మూసుకుని కొనండి అని కూడా అనను, కళ్లు తెరిచి చూసి కొనండి. రేడియేటర్‌లో నూనె తేలుతోందా, లో రేంజిలో గేరు జారుతోందా, వెనక హౌసింగ్‌కు అతుకులున్నాయా చూడండి. తర్వాత పంపు వెనక పైపు ఊడదీయించి, రంధ్రానికి బొటనవేలు అడ్డంపెట్టి, లివర్ వదిలి చూడండి. కడ్డీ నిలబడితే బేరానికి కూర్చోండి.